కండక్టివ్ పెయింటుతో కాగితంపై దీపాలు: గీత పొడవైతే ఎల్ఈడీ ఎందుకు మసకబారుతోంది?

ప్రశ్న
అడిగినవారు: ఫిజికల్ సైన్స్ టీచర్

అందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. ఫిబ్రవరి 28న జరుపుకునే జాతీయ విజ్ఞాన దినోత్సవానికి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల చేత వైర్లు, సోల్డరింగ్ లేకుండా, కాగితం మీద రంగుతో గీసిన గీతల ద్వారానే ఎల్ఈడీలు వెలిగే కార్డులు చేయించాలని అనుకుంటున్నాను. విదేశాల నుంచి వచ్చే కండక్టివ్ పెయింటు ధర తరగతి మొత్తానికి కొనేలా లేదు కాబట్టి, తాళాలు బిగుసుకుపోకుండా వేసే గ్రాఫైట్ పొడిని హార్డ్‌వేర్ దుకాణంలో తెచ్చి, ఫెవికాల్‌తో కలిపి రంగు తయారు చేశాము.

డ్రాయింగ్ షీటు ఒక మూలన సీఆర్ 2032 బటన్ సెల్ పెట్టి, అక్కడి నుంచి రెండు సన్నని గీతలను సుమారు పదిహేను సెంటీమీటర్ల దూరం తీసుకువెళ్లి, చివర ఎర్ర ఎల్ఈడీ అమర్చాము. గది చీకటిగా ఉంటే తప్ప అది వెలుగుతున్నట్టు తెలియడం లేదు. అదే ఎల్ఈడీని సెల్‌కు దగ్గరగా జరిపితే బాగానే వెలుగుతోంది. తెల్ల ఎల్ఈడీ మాత్రం ఆ దూరంలో అసలు వెలగడం లేదు. కార్డు మడత పడే చోట గీత బీటలు వారి, రెండు మూడు సార్లు తెరిచి మూసేసరికి దీపం పూర్తిగా ఆరిపోతోంది.

లోపం మేము కలిపిన రంగులో ఉందా, లేక గీసిన తీరులో ఉందా అన్నది తెలుసుకోవాలని ఉంది. ఒకే సెల్‌తో ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు మూడూ వెలిగించడం సాధ్యమేనా? పిల్లలతో చేయించే పని కనుక ప్రమాదం లేని పద్ధతులే చెప్పగలరు.


జవాబు 1
రాసినవారు: కోఠి రిపేర్లు

మేడమ్, మీరు కలిపిన రంగు పనికిరానిదేమీ కాదు. దగ్గరగా పెట్టినప్పుడు ఎల్ఈడీ వెలిగిందంటేనే అది విద్యుత్తును పోనిస్తోందన్న మాట. చిక్కల్లా దానిని తీగలా భావించి గీయడంలో ఉంది. రాగి తీగ మూరెడు పొడవున్నా దాని నిరోధాన్ని ఇలాంటి పనుల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కార్బన్ రంగుతో గీసిన ప్రతి గీతా ఒక నిరోధకం. కాబట్టి గీత ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్నది ముందే లెక్క వేసుకొని బొమ్మ గీయాలి.

ఫెవికాల్ తనంతట తాను విద్యుత్తును పోనివ్వదు. అందులో కలిసి ఉన్న గ్రాఫైట్ రేణువులు ఒకదానినొకటి తాకుతూ ఈ చివర నుంచి ఆ చివర వరకు దారి కట్టినప్పుడే ప్రవాహం సాగుతుంది. నీరు ఆవిరై పూత కుంచించుకుపోయే కొద్దీ రేణువులు దగ్గరకు జరుగుతాయి కనుక, పైకి ఆరినట్టు కనిపించే గీతకూ లోపలి దాకా ఆరిన గీతకూ నిరోధంలో చాలా తేడా ఉంటుంది. పిల్లలు తొందరపడి తడి మీదే సెల్ పెట్టి, పని చేయడం లేదని రంగు పారబోయకుండా చూడండి.

పలుచని పూతల నిరోధాన్ని చదరాల లెక్కన చెప్పడం ఈ పనిలో ఆనవాయితీ. మందం ఒకేలా ఉన్నప్పుడు చదరం చిన్నదైనా పెద్దదైనా ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు ఉండే నిరోధం ఒక్కటే, ఎందుకంటే పొడవు రెట్టింపైతే వెడల్పు కూడా రెట్టింపవుతుంది. మీ రంగుతో ఒక సెంటీమీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు ఉన్న పట్టీ పూసి, బాగా ఆరనిచ్చి, రెండు చివరల మధ్య మల్టీమీటరుతో కొలవండి. వచ్చిన అంకెను పదితో భాగిస్తే చదరానికి ఎన్ని ఓములో తెలుస్తుంది. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టి తరువాత కంపెనీగా మారిన బేర్ కండక్టివ్ వారి నల్ల రంగు చదరానికి కొన్ని పదుల ఓములే ఉంటుంది. ఇంట్లో కలిపినది సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఉదాహరణకు మీ రంగు చదరానికి 100 ఓములు అనుకుందాం. రెండు మిల్లీమీటర్ల వెడల్పుతో పదిహేను సెంటీమీటర్లు గీస్తే అందులో 75 చదరాలు, అంటే 7,500 ఓములు. వెళ్లే గీత, తిరిగి వచ్చే గీత కలిపితే 15,000 ఓములు. సెల్ 3 వోల్టులు. ఎర్ర ఎల్ఈడీ దాదాపు 1.9 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 1.1 వోల్టులను 15,000తో భాగిస్తే ప్రవాహం 0.07 మిల్లీ ఆంపియర్లు మాత్రమే. మీరు చీకట్లో చూసిన ఆ మసక వెలుగు ఇదే. ఇప్పుడు అదే దూరాన్ని ఒక సెంటీమీటరు వెడల్పు గీతలతో పూస్తే ఒక్కో గీతలో పదిహేను చదరాలే ఉంటాయి. రెండూ కలిపి 3,000 ఓములు. ప్రవాహం అయిదు రెట్లు పెరుగుతుంది. ఆరిన పూత మీద రెండో పూత వేస్తే మందం రెట్టింపై నిరోధం ఇంచుమించు సగానికి పడిపోతుంది. రంగు మార్చకుండానే ఇంత సాధించవచ్చు.

తెల్ల ఎల్ఈడీ సంగతి వేరు. తెలుపు, నీలం ఎల్ఈడీలు నిండుగా వెలగాలంటే 3 నుంచి 3.4 వోల్టుల దాకా కావాలి. సెల్ ఇచ్చేదే 3 వోల్టులు కావడంతో గీతల నిరోధాన్ని దాటడానికి ఏమీ మిగలదు. ఆకుపచ్చలో రెండు రకాలు ఉన్నాయి: పాత రకం, అంటే పసుపు ఛాయలో వెలిగేది, 2.1 వోల్టుల దగ్గరే వెలుగుతుంది. కొత్తగా వచ్చే ముదురు ఆకుపచ్చ రకం నీలం లాగానే 3 వోల్టులు అడుగుతుంది. కొనేటప్పుడు దుకాణంలోనే ఒక సెల్‌తో, చివర వెయ్యి ఓముల రెసిస్టరు తగిలించి చూసి తీసుకుంటే ఇంటికి వచ్చాక ఇబ్బంది ఉండదు.

ఈ నల్ల రంగు కొత్త వింత ఏమీ కాదు. పాత టీవీ రిమోట్ విప్పి చూడండి, రబ్బరు బటన్ల అడుగున కనిపించే నల్లని బిళ్లలు కార్బన్ కలిపినవే. గాజు పిక్చర్ ట్యూబు ఉన్న టీవీలను బాగుచేసినవారికి ఆ ట్యూబు వెనుక భాగమంతా నల్లగా పూసి ఉండేది గుర్తుండే ఉంటుంది. అది కూడా గ్రాఫైట్ పూతే.


జవాబు 2
రాసినవారు: కత్తెర-జిగురు

పై లెక్క బాగుంది. నేను చేతి పని గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే గ్రీటింగ్ కార్డులు చేసేవారికి ఇలాంటి రంగుతో ఎదురయ్యే చిక్కులు సగం కాగితం దగ్గర, సగం చేతి దగ్గర పుడతాయి.

నోటు పుస్తకం కాగితం పనికిరాదు. తడి తగలగానే ముడతలు పడుతుంది, ఆరేటప్పుడు లాగుకొని గీతను చీలుస్తుంది. మీరు వాడిన డ్రాయింగ్ షీటు ఫరవాలేదు కానీ ఐవరీ షీటు ఇంకా మేలు. పాత పెళ్లి శుభలేఖల వెనుక వైపు చాలా గట్టిగా, నునుపుగా ఉంటుంది; పిల్లలను ఇళ్ల నుంచి తెమ్మంటే ఖర్చు కూడా ఉండదు. అయితే ప్లాస్టిక్ పొర వేసిన నిగనిగలాడే వైపు రంగు నిలవదు, ఆరాక పెచ్చులుగా లేచిపోతుంది.

ఒకే వెడల్పు రావాలంటే కుంచెను నమ్ముకోకండి. గీతకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, మధ్యలో రంగు వేసి, పాత ఏటీఎం కార్డు అంచుతో ఒక్కసారి సాఫీగా లాగండి. టేపు మందమే పూత మందాన్ని నిర్ణయిస్తుంది కనుక అందరి కార్డుల్లోనూ గీతలు ఒకేలా వస్తాయి. రంగు కాస్త తడిగా ఉండగానే టేపును పక్కకు వాలుగా లాగేయాలి. పూర్తిగా ఆరాక లాగితే గీత అంచులు కూడా ఊడి వస్తాయి. వంపులు తిరిగే గీతలు, తీగలు, ముగ్గుల వంటివి కావాలనుకుంటే గోరింటాకు కోన్ పద్ధతి బాగుంటుంది. పలుచని ప్లాస్టిక్ షీటును కోన్‌లా చుట్టి, రంగు నింపి, ముక్కు కత్తిరించి వేయవచ్చు, మా ఊళ్లో కోన్ పట్టలేని ఆడపిల్ల ఉండదు కదా. కానీ కోన్ నుంచి వచ్చే గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. మరీ ఉబ్బుగా వేస్తే పైన ఆరి, లోపల తడి మిగిలి, చివరికి నడిమి నుంచి బీట పడుతుంది.

కలిపే కొలత విషయంలో నేను రెండు చెంచాల గ్రాఫైట్‌కు ఒక చెంచా ఫెవికాల్‌తో మొదలుపెట్టి, పెరుగులా జారే వరకు చుక్కలు చుక్కలుగా నీళ్లు కలుపుతాను. ఆరిన గీత మీద వేలితో రుద్దితే నల్ల పొడి అంటుకుంటే జిగురు చాలలేదని అర్థం. గీత మెరుస్తూ రబ్బరులా ఉంటే జిగురు ఎక్కువైంది, అప్పుడు నిరోధం పెరిగి ఉంటుంది. ఆరిన తరువాత స్పూన్ వెనుక భాగంతో గట్టిగా రుద్దితే పూత అణిగి, బూడిద రంగు మెరుపు వస్తుంది, దీపం కూడా ఒకింత ప్రకాశవంతం అవుతుంది. పొడి కలిపేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి, ముక్కుకు గుడ్డ కట్టించండి. ఆ పొడి గాలిలో లేచి కంప్యూటర్లోనో స్విచ్ బోర్డులోనో చేరితే మంచిది కాదు.

మడత గురించి అడిగారు. గట్టిపడిన జిగురు వంగదు, విరుగుతుంది. ఎన్ని పూతలు వేసినా మడత మీద ఇది మారదు. మడత దాటే ఆ రెండు సెంటీమీటర్ల మేర మాత్రం వంటింటి అల్యూమినియం రేకు ముక్కను గానీ రాగి టేపును గానీ అడ్డంగా అంటించి, దాని రెండు చివరల మీదకు రంగును ఒక సెంటీమీటరు ఎక్కించండి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది: మామూలు రాగి టేపు అడుగున ఉండే జిగురు విద్యుత్తును పోనివ్వదు. కాబట్టి ముందు గీత గీసి, దాని మీద టేపు అంటిస్తే కలిసినట్టే కనిపిస్తుంది కానీ కలవదు. ముందు టేపు అంటించి, రంగును దాని పైభాగం మీదకు తేవాలి. అల్యూమినియం రేకును అయితే రంగు వేసే చోట గరుకు కాగితంతో ఒకసారి గీకి వేయండి, దాని మీద ఉండే ఆక్సైడ్ పొర అడ్డుపడకుండా ఉంటుంది. ఇదంతా ఎందుకు అనుకుంటే, సర్క్యూట్ మొత్తాన్ని కార్డులో ఒక పుటకే పరిమితం చేసి, పై పుటకు కిటికీ కత్తిరించి వెలుగు బయటికి వచ్చేలా చేయడం అన్నిటికంటే సులువు.

ఎల్ఈడీ కాళ్లను చిన్న పట్కారుతో గుండ్రంగా చుట్టి, కాగితం మీద బల్లపరుపుగా పడుకునేలా చేసి, ఆ చుట్ట మీద రంగును బొట్టులా పెట్టండి. తిన్నగా ఉన్న కాలు ఒక గీత లాగా ఆనుతుంది, చుట్టిన కాలు ఎక్కువ చోట తాకుతుంది. పొడవు కాలు ధన వైపు అని పిల్లలకు తెలుసు. కాళ్లు కత్తిరించాక గుర్తుపట్టడానికి ఎల్ఈడీ అంచు చదునుగా ఉన్న వైపు రుణ ధ్రువమని కూడా చెప్పండి.


అడిగినవారి స్పందన
ఫిజికల్ సైన్స్ టీచర్

ఇద్దరికీ కృతజ్ఞతలు. పట్టీ పూసి కొలిస్తే మా రంగు చదరానికి 100 ఓముల కంటే ఎక్కువే ఉంది. టేపు పద్ధతిలో సెంటీమీటరు వెడల్పుతో రెండు పూతలు వేశాక ఎర్ర ఎల్ఈడీ పగటి వెలుతురులోనే కనిపిస్తోంది. తెల్లది మాత్రం ఇప్పటికీ మసకే. దీనికి 9 వోల్టుల బ్యాటరీ వాడమని ఒక సహోద్యోగి సూచించారు. పిల్లల చేతికి అది ఇవ్వవచ్చునా అన్న సందేహం ఉంది. పాత టార్చి సెల్స్ పగలగొట్టి అందులోని కార్బన్ కడ్డీని పొడి చేస్తే గ్రాఫైట్ ఖర్చు కూడా ఉండదని మరొకరు అన్నారు.


జవాబు 3
రాసినవారు: రిటైర్డ్ లెక్చరర్

అమ్మా, టార్చి సెల్స్ పగలగొట్టించే ఆలోచనను దయచేసి ఇక్కడితో ఆపండి. కడ్డీ చుట్టూ ఉండే నల్ల పొడిని చాలామంది కార్బన్ అనుకుంటారు. దానిలో ఎక్కువ భాగం మాంగనీస్ డై ఆక్సైడ్, తడిగా ఉండేది అమ్మోనియం క్లోరైడ్ లేదా జింక్ క్లోరైడ్ ద్రావణం. పిల్లల చేతులకు, కళ్లకు అది తగలకూడదు. కడ్డీని పొడి చేయడం కూడా అంత తేలిక కాదు, వచ్చే పొడి బరకగా ఉండి పూతలో సరిగా ఇమడదు. పొయ్యిలో బొగ్గు నూరి వాడవచ్చా అని కూడా పిల్లలు అడుగుతారు. తక్కువ వేడి మీద కాలిన కట్టెబొగ్గు విద్యుత్తును దాదాపుగా పోనివ్వదు.

నేను మరో దారి చెబుతాను. గీత పొడవు పెరిగితే వెలుగు తగ్గడాన్ని మీరు సరిచేయవలసిన లోపంగా చూస్తున్నారు. పదో తరగతిలో విద్యుత్ పాఠంలో వాహక నిరోధం దాని పొడవుకు అనులోమానుపాతంలోనూ, మధ్యచ్ఛేద వైశాల్యానికి విలోమానుపాతంలోనూ ఉంటుందని చెప్పి, మాంగనిన్, నిక్రోమ్ తీగలతో ప్రయోగం చేయిస్తాం. అమ్మీటరు ముల్లు కొద్దిగా కదులుతుంది, వెనుక బెంచీ పిల్లవాడికి అది కనిపించదు. ఇక్కడ అదే సూత్రం వెలుగు రూపంలో తరగతి అంతటికీ కనిపిస్తోంది.

కాబట్టి కార్డులతో పాటు ఒక చార్టు చేయించండి. ఒకే మందంతో, ఒకే పొడవుతో మూడు పట్టీలు పూయండి: మొదటిది అర సెంటీమీటరు వెడల్పు, రెండోది ఒకటి, మూడోది రెండు. ఎల్ఈడీ ఒక కాలికి వైరు తగిలించి సెల్‌కు కలిపి, రెండో కాలిని పట్టీ మీద జరుపుతూ పోతే వెలుగు క్రమంగా తగ్గుతుంది. వెడల్పు పట్టీ మీద ఎంత దూరం పోయాక సన్నని పట్టీ మీది వెలుగుతో సమానం అవుతుందో పిల్లలనే కనుక్కోమనండి. చూపు కొలత కనుక ఖచ్చితంగా రాకపోవచ్చు, కానీ వెడల్పు రెట్టింపైతే దూరం కూడా సుమారు రెట్టింపు అవుతుందన్నది వారికే తెలుస్తుంది. మల్టీమీటరు ఒకటి ఉంటే అంకెలు రాయించవచ్చు.

దీనికి గ్రాఫైట్ పొడి కూడా అక్కరలేదు. 6బి లేదా 8బి పెన్సిల్‌తో కాగితం మీద అరచేతి పొడవున మందంగా, మెరుపు వచ్చే వరకు రుద్దిన పట్టీ మీద ఎల్ఈడీ కాళ్లను ఆనిస్తే సరిపోతుంది. పెన్సిల్ మొనలో ఉండేది గ్రాఫైట్, బంకమన్నుల మిశ్రమం. ఆ రెండింటినీ కలిపి కాల్చి గట్టిదనాన్ని మార్చే పద్ధతిని ఫ్రాన్సులో కాంటే 1795లో కనిపెట్టాడు. మామూలు హెచ్‌బి పెన్సిల్‌లో మన్ను పాలు ఎక్కువ కనుక దానితో గీసిన గీత నిరోధం చాలా ఎక్కువ. మెత్తని పెన్సిళ్లలో గ్రాఫైట్ పాలు ఎక్కువ. పెన్సిల్ గీతల నిరోధం ఎంతైనా వేల ఓములలోనే ఉంటుంది కనుక, ఈ ఒక్క ప్రయోగానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. మీ సహోద్యోగి మాట ఇక్కడ పనికివస్తుంది, అయితే ఉపాధ్యాయుల బల్ల మీదే ఉంచండి. పెన్సిల్ పట్టీ మీద కాలు జరుపుతూ పిల్లవాడు నేరుగా బ్యాటరీ ధ్రువానికే తాకిస్తే ఎల్ఈడీ ఒక్క క్షణంలో పోతుంది. దానిని కాపాడటానికి 470 ఓముల రెసిస్టరును, అంటే పసుపు, ఊదా, గోధుమ రంగు పట్టీలు ఉన్నదానిని, బ్యాటరీ తీగకే శాశ్వతంగా కట్టేయండి. అప్పుడు ఎక్కడ తాకించినా ప్రవాహం 15 మిల్లీ ఆంపియర్లు దాటదు.


జవాబు 4
రాసినవారు: రాగి పట్టీ

అందరూ రంగు గురించే రాస్తున్నారు కాబట్టి నేను కొంత ఎదురు చెప్పక తప్పదు. కార్డు వెలగడమే లక్ష్యమైతే రాగి టేపును మించినది లేదు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జియే చీ కాగితపు సర్క్యూట్లపై పరిశోధన చేసి, తరువాత చిబిట్రానిక్స్ సంస్థను స్థాపించినప్పుడు, ఆమె ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి కూడా రాగి టేపు, స్టిక్కర్ ఎల్ఈడీలే. టేపు నిరోధం లెక్కలోకి రాదు, మడతకు విరగదు, ఆరే వరకు వేచి ఉండనక్కరలేదు. తెల్ల ఎల్ఈడీ కూడా 3 వోల్టుల సెల్‌తో చక్కగా వెలుగుతుంది.

మూలల దగ్గర టేపును కత్తిరించి కొత్త ముక్క అతికించకుండా, వెనక్కి మడిచి తిప్పుతూ ఒకే ముక్కగా తీసుకువెళ్లాలి. కారణం పైన ఒకరు చెప్పిన అడుగు జిగురే. టేపు దొరకని చోట వంటింటి రేకును అర సెంటీమీటరు పట్టీలుగా కత్తిరించి జిగురు పుల్లతో అంటించినా అదే పని జరుగుతుంది. ఒక తరగతిలో నలభై మంది పిల్లలు ఉంటే ఒక పీరియడ్‌లో ముగిసే పని ఇది. రంగుతో అయితే పూత ఆరడానికే పీరియడ్ సరిపోతుంది, మిగిలిన సమయం చొక్కాలకు అంటిన మరకలు కడగడానికి పడుతుంది.

టేపుతో చేసేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. నిరోధం లేనందున రెండు పట్టీలు పొరపాటున తాకితే సెల్ కాసేపట్లోనే ఖాళీ అవుతుంది. సెల్‌ను బిగించడానికి ఇనుప బైండర్ క్లిప్ వాడితే దాని అంచు రెండు ముఖాలనూ కలిపేసే అవకాశం ఉంది. బట్టలు ఆరేసే ప్లాస్టిక్ క్లిప్పు మేలు.


జవాబు 5
రాసినవారు: కోఠి రిపేర్లు

రాగి టేపు మంచిదన్న మాటను నేను కాదనను. కానీ మేడమ్ అడిగింది రంగుతో గీసే కార్డుల గురించి. టేపు నిటారు గీతలకే అనువుగా ఉంటుంది, రంగుతో అయితే పిల్లలు గీసిన చెట్టు కొమ్మలే తీగలవుతాయి. రెండింటినీ కలపడమే నా దృష్టిలో సరైన పని: సెల్ కింద, మడత మీద టేపు లేదా రేకు; కనిపించే బొమ్మ అంతా రంగు. సెల్ కింద రంగు పూస్తే తీసి పెట్టే ప్రతిసారీ గీసుకుపోయి పొడి రాలుతుంది, అక్కడ లోహమే ఉండాలి.

తెల్ల ఎల్ఈడీ కోసం 9 వోల్టులకు పోవలసిన పని లేదు. రెండు సీఆర్ 2032 సెల్స్‌ను ఒకదాని మీద ఒకటి, ఒకదాని ధన ముఖం మీద రెండోదాని రుణ ముఖం ఆనేలా పెడితే 6 వోల్టులు వస్తాయి. గీతల నిరోధం 3,000 ఓములు ఉందనుకుంటే, తెల్లది సుమారు 2.9 వోల్టులు తీసుకోగా మిగిలిన 3.1 వోల్టులతో ఒక మిల్లీ ఆంపియరు పారుతుంది. ఈ రోజుల్లో వచ్చే తెల్ల ఎల్ఈడీలకు అది కార్డులో చూడడానికి చాలు. ఈ సెల్ సామర్థ్యం దాదాపు 220 మిల్లీ ఆంపియర్ గంటలు, అది కొద్దికొద్దిగా ప్రవాహం తీసుకునే పనులకే ఉద్దేశించినది కనుక, ఒక మిల్లీ ఆంపియరు దగ్గర ప్రదర్శన రోజంతా నిలుస్తుంది. రెండు సెల్స్ పెట్టినప్పుడు ఎల్ఈడీని నేరుగా సెల్స్‌కు తాకించవద్దని మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పండి. గీతలే ఇక్కడ దానికి రక్షణ.

మూడు రంగుల విషయానికి వస్తే, మూడు ఎల్ఈడీలనూ ఒకే రెండు గీతల చివర పక్కపక్కన సమాంతరంగా కలిపితే ఎర్రది ఒక్కటే వెలుగుతుంది. ఎరుపు 1.9 వోల్టుల దగ్గరే ప్రవాహాన్ని తీసేసుకోవడంతో ఆ రెండు బిందువుల మధ్య వోల్టేజి అంతకంటే పైకి లేవదు, తెల్లదానికి చాలదు. దీనికి విరుగుడు మీ చేతిలోనే ఉంది. సెల్ దగ్గరి నుంచే మూడు వేర్వేరు కొమ్మలు తీయండి. తెల్లదానికి పొట్టిగా, వెడల్పుగా ఉన్న కొమ్మ, ఆకుపచ్చకు మధ్యస్థం, ఎర్రదానికి అన్నిటికంటే పొడవైన, సన్నని కొమ్మ. రెసిస్టర్లు కొనకుండా గీత కొలతలతోనే మూడింటి వెలుగునూ సమం చేయవచ్చు, రాగి టేపుతో ఇది కుదరదు. గీత మరీ వెడల్పైతే అంచున బ్లేడుతో గీకి సన్నం చేయవచ్చు, మరీ సన్నమైతే ఇంకో పూత వేయవచ్చు. గీతలు ఒకదానినొకటి దాటవలసి వస్తే మధ్యలో చిన్న కాగితపు ముక్కను వంతెనలా అంటించి దాని మీదుగా రంగు వేయండి. సెల్లో టేపు మీద రంగు నిలవదు.

వెండి రంగు గురించి ఎవరైనా చెబితే ఇప్పుడే దాని జోలికి పోకండి. 2011లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ లూయిస్ బృందం వెండి సిరా నింపిన పెన్నుతో కాగితం మీద సర్క్యూట్ గీసి చూపించింది. ఆ సిరా నిరోధం కార్బన్ కంటే ఎన్నో రెట్లు తక్కువ. కారు వెనుక అద్దం మీద మంచు కరిగించే సన్నని గీతలు తెగితే అతికించడానికి అమ్మేది కూడా వెండి రంగే. పనితనం బాగుంటుంది కానీ చిన్న సీసా ధర కూడా ఎక్కువ, కొన్నింటిలో ఘాటైన సాల్వెంట్ ఉంటుంది.

పండుగ సీరియల్ బల్బుల తీగ నుంచి ఎల్ఈడీలు కత్తిరించి తెచ్చుకోవచ్చు, చవకగా దొరుకుతాయి. కత్తిరించే పని మీరే చేయండి, ప్లగ్గు తీసి ఉన్న పాత తీగ మీదే చేయండి. కాగితపు సర్క్యూట్ ఏదీ గోడ సాకెట్ దరిదాపుల్లోకి పోకూడదు.


జవాబు 6
రాసినవారు: రిటైర్డ్ లెక్చరర్

ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటి ఉంది. ప్రదర్శనకు పిల్లల తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా వస్తారు. సీఆర్ 2032 వ్యాసం 20 మిల్లీమీటర్లు. చిన్న పిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కునే పరిమాణం సరిగ్గా అదే. అక్కడి తడితో సర్క్యూట్ పూర్తయి, రుణ ధ్రువం దగ్గర సోడియం హైడ్రాక్సైడ్ తయారై, రెండు గంటల లోపే లోపలి కణజాలం కాలిపోతుంది. సెల్ ఖాళీ అయిందనుకున్నా ఈ ప్రమాదం పోదు. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, నొప్పి వస్తుందేమో అని చూస్తూ కూర్చోకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి ఎక్స్-రే తీయించాలి.

అందుకని సెల్‌ను కార్డులో వదులుగా ఉంచకండి. మందపాటి అట్టలో సెల్ పట్టే గుండ్రని రంధ్రం చేసి, పైన ఇంకో అట్ట అతికించి, చుట్టూ టేపు వేయించండి. స్విచ్ కోసం ఒక గీతను మధ్యలో తెంచి, నొక్కితే కలిసేలా రేకు ముక్క అంటించిన కాగితపు రెక్క పెడితే సరిపోతుంది. సెల్స్‌ను పిల్లలకు ముందుగా పంచకుండా, ప్రదర్శన రోజు పొద్దున్న లెక్క పెట్టి ఇచ్చి, సాయంత్రం లెక్క పెట్టి తీసుకోండి. తీసుకున్న సెల్స్‌ను ఒకే డబ్బాలో కలిపి వేయవద్దు, ఒకదానికొకటి తగిలి వేడెక్కుతాయి. ఒక్కొక్క సెల్ రెండు ముఖాలకూ టేపు ముక్క అంటించి దాచండి.


అడిగినవారి స్పందన
ఫిజికల్ సైన్స్ టీచర్

సెల్స్ లెక్క ఒక రిజిస్టరులో రాసుకుంటాను. రెండు సెల్స్‌తో, కొమ్మలు వేరు చేసి చేసిన కార్డులో తెలుపు, ఎరుపు రెండూ వెలిగాయి. ఆకుపచ్చ మా దగ్గర ఉన్నది ముదురు రకం కావడంతో దానికి కూడా తెల్లదానితో సమానంగా వెడల్పైన కొమ్మ వేయవలసి వచ్చింది. మూడు పట్టీల చార్టును పదో తరగతి పిల్లలకు అప్పగిస్తున్నాను. మిగిలిన రంగు మరుసటి రోజుకు సీసాలో గట్టిపడుతోంది. మూత కింద తడి గుడ్డ పెట్టి చూస్తున్నాము, ఇంతకంటే మంచి ఉపాయం ఉంటే చెప్పగలరు.


జవాబు 7
రాసినవారు: కత్తెర-జిగురు

తడి గుడ్డ కంటే, రంగు మీద పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని గాలి బుడగ లేకుండా ఆనించి అప్పుడు మూత పెట్టండి, పైన గడ్డ కట్టదు. అయినా ఒక్కసారికి సరిపడా కలుపుకోవడమే మంచిది. ఫెవికాల్ ఒకసారి బిగిస్తే నీళ్లు పోసినా మళ్లీ మునుపటిలా కలవదు, గ్రాఫైట్ ఉండలు కట్టి గీత మధ్యలో ఖాళీలు వస్తాయి. పొడిగా ఉన్న గ్రాఫైట్ మాత్రం ఎన్నాళ్లయినా చెడిపోదు.